న్యూజిలాండ్‌కి ఓడెక్కి వచ్చిన సిపాయి ధ్యాన్‌చంద్

మా పాప హాకీలో చేరి ఇది రెండో ఏడు. న్యూజిలాండ్‌లో ఉండేవాళ్లకి తెలుసు, చలికాలం వచ్చిందంటే శనివారం పొద్దున మనది కాదు, పిల్లల ఆటలది. ఏడింటికే లేచి, షిన్ ప్యాడ్లు, మౌత్‌గార్డు, నీళ్ల సీసా సర్దుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని గ్రౌండుకి పరుగు తీయాలి. నిజం చెప్పాలంటే, పాప హాకీ అన్న రోజు నాకు పెద్దగా నచ్చలేదు. ఆడితే క్రికెట్ ఆడొచ్చు కదా, అది మనకి తెలిసిన ఆట కదా అనిపించింది. ఇంట్లో కూడా అదే మాట. హాకీ మన జాతీయ క్రీడ అని చిన్నప్పుడు పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మేమిద్దరం. చేత్తో కర్ర పట్టుకున్న పాపాన పోలేదు.

పోయిన సీజన్‌లో ఒక శనివారం, టర్ఫ్ పక్కన కంచె దగ్గర నిలబడి ఉండగా ఒక పెద్దాయన వచ్చి పలకరించారు. మనవడి ఆట చూడ్డానికి వచ్చారట. ఏ ఊరి వాళ్లమని అడిగి, ఇండియా అనగానే ఆయన ముఖం వెలిగింది. తన తండ్రి చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు, 1935లో, ఇండియా హాకీ జట్టు ఆట చూశాడట. బతికున్నన్నాళ్లూ ఆ మాట ఇంట్లో చెబుతూనే ఉండేవాడట. తర్వాత ఆయన ధ్యాన్‌చంద్ గురించి నన్ను అడగడం మొదలుపెట్టారు. ఇండియా వాడిని కాబట్టి నాకు అన్నీ తెలిసి ఉంటాయనుకున్నారు పాపం. నాకు తెలిసిందల్లా ఆ పేరు మీద ఒక అవార్డు, ఢిల్లీలో ఒక స్టేడియం ఉన్నాయని. ఆయన న్యూజిలాండ్ వచ్చాడన్న సంగతే నాకు తెలియదు. తల ఊపి, నవ్వి, మాట మార్చేశాను. కారెక్కాక పాప అడిగింది, ఆ ధ్యాన్‌చంద్ ఎవరని. అప్పుడు మాత్రం సిగ్గేసింది.

ఆ వారమే వెతకడం మొదలుపెట్టాను. ధ్యాన్‌చంద్ 1952లో రాసుకున్న ఆత్మకథ ఉంది, దాని పేరు గోల్. పాత రాతలు, రికార్డులు ఉన్నాయి. వాట్సాప్‌లో తిరిగే కథలు కూడా బోలెడు: కర్రలో అయస్కాంతం ఉందేమోనని విరగ్గొట్టి చూశారని, జిగురు రాసుకున్నాడని అనుమానించారని. వాటిని పక్కన పెడుతున్నాను. ఉన్న నిజమే మనకి చాలు. పాపకి నేను చెప్పిన కథ ఇది. మీ ఇంట్లో పిల్లలకి కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

కుస్తీ ఇష్టపడిన కుర్రాడు

ధ్యాన్‌చంద్ 1905 ఆగస్టు 29న అలహాబాద్‌లో పుట్టారు. అసలు పేరు ధ్యాన్ సింగ్. తండ్రి సామేశ్వర్ సింగ్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉద్యోగి, ఆయనా హాకీ ఆడేవారు. సైన్యంలో ఉద్యోగమంటే తెలిసిందేగా, ఏడాదికో ఊరు, రెండేళ్లకో ఊరు. ఆ బదిలీల్లో పిల్లాడి చదువు ఆరేళ్లకే ఆగిపోయింది. చివరికి కుటుంబం ఝాన్సీలో స్థిరపడింది. వీసాల కోసం, ఉద్యోగాల కోసం ఊళ్లు మారుతూ పిల్లల్ని బడులు మార్పించే మనకి ఆ కష్టం తెలియంది కాదు.

చిన్నతనంలో ఆయనకి హాకీ మీద ధ్యాసే లేదు. కుస్తీ అంటే ఇష్టం. తోటి పిల్లలతో సరదాకి కర్రలు పట్టుకోవడం తప్ప ఆటగా ఆడింది లేదని ఆయనే రాసుకున్నారు. పదిహేడేళ్లు నిండిన రోజునే, 1922లో, సైన్యంలో సిపాయిగా చేరారు. అక్కడ బ్రాహ్మణ రెజిమెంటులో సుబేదార్ మేజర్ బాలే తివారీ అనే ఆయన హాకీ పిచ్చివాడు. ఆయనే ఈ కుర్రాడి చేతికి కర్ర ఇచ్చి ఓనమాలు దిద్దించారు.

పగలంతా డ్యూటీ. ఫ్లడ్ లైట్లు లేని కాలం. డ్యూటీ అయ్యాక చంద్రుడు వచ్చేదాకా ఆగి వెన్నెల్లో సాధన చేసేవాడని, అందుకే తోటి సిపాయిలు చంద్ అని పిలవడం మొదలుపెట్టారని చెబుతారు. ఆ పిలుపే పేరులో కలిసిపోయింది. ధ్యాన్ సింగ్ కాస్తా ధ్యాన్‌చంద్ అయ్యారు. ఇది చెప్పినప్పుడు మా పాప ఆగి, వెన్నెల్లో బంతి కనబడుతుందా అని అడిగింది. ఆక్లాండ్ వీధి దీపాల మధ్య పెరిగిన పిల్ల, దానికి వెన్నెలంటే ఏం తెలుసు? ఈసారి ఇండియా వెళ్లినప్పుడు మా ఊళ్లో డాబా మీద పడుకోబెట్టి చూపిస్తానని చెప్పాను.

1926: మొదటి ఓడ ప్రయాణం

1922 నుంచి 1926 దాకా ఆయన ఆడిందంతా సైన్యం టోర్నమెంట్లు, రెజిమెంటు మ్యాచ్‌లే. 1926లో ఇండియన్ ఆర్మీ హాకీ జట్టుని న్యూజిలాండ్ పంపాలని నిర్ణయించారు. ఒకరోజు కమాండింగ్ ఆఫీసర్ పిలిచి, నువ్వు న్యూజిలాండ్ వెళ్తున్నావని చెప్పారు. ఇరవై ఏళ్ల సిపాయి. ఆ మాట విని నోట మాట రాలేదు. గట్టిగా ఒక సెల్యూట్ కొట్టి బయటికి వచ్చి, అక్కణ్ణుంచి బ్యారక్‌కి ఒకటే పరుగు, స్నేహితులకి చెప్పడానికి. ఆ ఘట్టం చదువుతుంటే నాకు మా ఊళ్లో వీసా స్టాంపు పడిన రోజు గుర్తొచ్చింది. మీలో చాలామందికి అలాంటి పరుగు ఒకటి గుర్తుండే ఉంటుంది.

జట్టులో ఆఫీసర్లు ఉన్నారు, మామూలు సిపాయిలూ ఉన్నారు. సిపాయిల జీతాలకి విదేశీ ప్రయాణానికి తగ్గ బట్టలు కొనుక్కోవడం కూడా కష్టమే. ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసి ఇక్కడికి చేరారు. ఇరవై ఒక్క మ్యాచ్‌లు ఆడి పద్దెనిమిది గెలిచారు, రెండు డ్రా, ఒక్కటే ఓటమి. జట్టు మొత్తం 192 గోల్స్ కొట్టింది. అంటే మ్యాచ్‌కి సగటున తొమ్మిది. అందులో వందకి పైగా ఒక్క ధ్యాన్‌చంద్‌వే. న్యూజిలాండ్ దేశపు జట్టుతో ఆడిన టెస్టుల్లో మొదటిది గెలిచి, రెండోది కొద్దిలో పోగొట్టుకున్నారు.

ఆ ఆటలు జరిగింది ఇప్పుడు మన పిల్లలు ఆడే నీలం రంగు టర్ఫ్ మీద కాదు. చలికాలపు పచ్చిక మీద. ఇక్కడి వాన సంగతి మనకి తెలుసు, నేల చిత్తడిగా, బరువుగా ఉంటుంది. ఎండిపోయి గట్టిపడిన ఉత్తరాది నేలల మీద నేర్చుకున్న మణికట్టు పనితనం, చిన్న చిన్న పాసులు ఆ తడి పచ్చిక మీద కూడా పనిచేశాయి. ఇక్కడి ప్రేక్షకులకి అది కొత్త ఆట.

కానీ ఆయన ఆత్మకథలో నన్ను ఆపింది గోల్స్ లెక్క కాదు. న్యూజిలాండ్‌లో జరిగిన విందుల గురించి, మర్యాదల గురించి ఆయన రాసిన నాలుగు మాటలు. మాలాంటి కింది స్థాయి సిపాయిలు ఆఫీసర్లతో సమానంగా ఒకే బల్ల దగ్గర కూర్చోవడం, ఒకే సభలో మర్యాద అందుకోవడం అప్పటిదాకా ఊహకి కూడా అందని సంగతని ఆయన భావం. సొంత దేశంలో, సొంత సైన్యంలో దొరకని సమానత్వం ఇన్ని సముద్రాల అవతల దొరికింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది మర్చిపోలేని అనుభవం అయింది. తిరిగి వెళ్లాక 1927లో లాన్స్ నాయక్‌గా పదోన్నతి వచ్చింది. చిన్న మెట్టే, కానీ హాకీ కర్ర ఎక్కించిన మొదటి మెట్టు.

అదే ఏడాది రెండో ముఖం

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ఉంటుంది. కానీ పాపకి సగం నిజం చెప్పి ఊరుకోలేను కదా. ఆ రోజుల్లో న్యూజిలాండ్ అందరికీ తలుపులు తెరిచిన దేశం కాదు. 1920లో తెచ్చిన వలస నియంత్రణ చట్టంతో మనలాంటివాళ్లు ఇక్కడ స్థిరపడడానికి రావడం దాదాపు మూసుకుపోయింది. ఆక్లాండ్‌కి దక్షిణాన ఉన్న పుకెకోహె కూరగాయల తోటల ఊరు. అక్కడ పొలాల్లో పనిచేసే భారతీయుల్ని, చైనీయుల్ని వెళ్లగొట్టాలని వైట్ న్యూజిలాండ్ లీగ్ అనే సంఘం పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. దాన్ని ఎదుర్కోవడానికి అప్పటికి ఇక్కడున్న కొద్దిమంది భారతీయులు, ఎక్కువగా గుజరాతీలు, పంజాబీలు, 1926లో న్యూజిలాండ్ ఇండియన్ సెంట్రల్ అసోసియేషన్ పెట్టుకున్నారు.

రెండూ ఒకే ఏడాది. మైదానంలో ఇండియా సిపాయిల కర్ర పనితనం చూసి చప్పట్లు. ఊరి చివర తోటలో పనిచేసే ఇండియా మనిషి మీద పిటిషన్లు. వచ్చి, ఆడి, వెళ్లిపోయే అతిథికి ఒక లెక్క. ఇక్కడే ఉండి కూరగాయలు పండించుకుని బతకాలనుకునేవాడికి ఇంకో లెక్క. ఈ తేడా ఆ కాలంతోనే పోయిందని నేను అనను. కానీ మనం ఇవాళ ఇక్కడ ఇళ్లు కొనుక్కుని, ఉగాదికి హాలు అద్దెకి తీసుకుని, పిల్లల్ని క్లబ్బుల్లో చేర్పిస్తున్నామంటే, ఆ రోజు తోటల్లో నిలబడ్డవాళ్లకి కూడా ఒక దణ్ణం పెట్టుకోవాలి.

ఆమ్‌స్టర్‌డామ్, లాస్ ఏంజెలిస్, మళ్లీ ఇక్కడికి

న్యూజిలాండ్ పర్యటన బాగా జరగడంతో ఇండియా హాకీ వాళ్లకి ధైర్యం వచ్చింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి జట్టుని పంపారు. బొంబాయిలో ఓడెక్కేటప్పుడు సాగనంపడానికి వచ్చింది ముగ్గురే. అక్కడ అయిదు మ్యాచ్‌లు ఆడి 29 గోల్స్ కొట్టారు, ఒక్కటి కూడా ఇవ్వలేదు. 14 ధ్యాన్‌చంద్‌వి. ఫైనల్లో హాలెండ్‌ని వాళ్ల ఊళ్లోనే 3-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. తిరిగొచ్చేసరికి అదే బొంబాయి రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం.

1932 లాస్ ఏంజెలిస్‌లో జపాన్ మీద 11-1, అమెరికా మీద 24-1. అమెరికా మ్యాచ్‌లో పది గోల్స్ కొట్టింది తమ్ముడు రూప్‌సింగ్, ఎనిమిది కొట్టింది అన్న. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఎవరు ఎక్కువ అని కొట్లాడుకుంటారు కదా. ఇక్కడ అన్నే చాలాసార్లు తమ్ముడు తనకంటే మంచి ఆటగాడని చెప్పేవారు.

1935లో మళ్లీ న్యూజిలాండ్ పిలిచింది. ఈసారి సైన్యం జట్టు కాదు, ఇండియా జట్టు. మానవదర్ నవాబు వెళ్లలేనని చెప్పడంతో కెప్టెన్సీ ధ్యాన్‌చంద్‌కి ఇచ్చారు. తొమ్మిదేళ్ల కింద మాట పెగలని సిపాయిగా వచ్చిన మనిషి ఇప్పుడు దేశపు జట్టు నాయకుడిగా ఓడ దిగారు. దారిలో సిలోన్, ఆస్ట్రేలియాల్లో ఆడినవి కూడా కలిపి మొత్తం 48 మ్యాచ్‌లు, అందులో 28 ఈ దేశంలోనే. నలభై ఎనిమిదీ గెలిచారు. 584 గోల్స్ కొట్టి 40 మాత్రమే ఇచ్చారు. ధ్యాన్‌చంద్ 43 మ్యాచ్‌లు ఆడి 201 గోల్స్ చేశారు. ఆ ప్రయాణంలోనే అడిలైడ్‌లో క్రికెటర్ డాన్ బ్రాడ్‌మన్ ఆయన్ని కలిశారు. క్రికెట్‌లో పరుగులు చేసినట్టు ఈయన గోల్స్ చేస్తున్నాడని బ్రాడ్‌మన్ మెచ్చుకున్నారని చెబుతారు.

ఒక దేశంలో ఇరవై ఎనిమిది ఆటలంటే ఒక్క పెద్ద నగరంతో అయ్యేది కాదు. ఊరూరా తిరిగి ఆడారన్నమాట. అలా ఒక ఊళ్లో తాడు పక్కన నిలబడి చూసిన పిల్లాడే, నాకు కంచె దగ్గర కలిసిన పెద్దాయన తండ్రి. 1938లో మానవదర్ సంస్థానం జట్టు కూడా ఇక్కడికి వచ్చి ఆడింది. హాకీ ఈ దేశానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆటే అయినా, దాన్ని ఎంత అందంగా ఆడొచ్చో చూపించింది మాత్రం ఇండియా నుంచి ఓడల్లో వచ్చిన మనుషులు.

బెర్లిన్ స్టేడియంలో మన వెంకయ్య గారి జెండా

1936లో బెర్లిన్. ఒలింపిక్ ప్రాంగణంలో పెద్ద స్టేడియానికి తోడు హాకీకి ప్రత్యేకంగా ఒక స్టేడియం కట్టారు. కెప్టెన్ ధ్యాన్‌చంద్. అసలు పోటీలకి ముందు జరిగిన ప్రాక్టీసు మ్యాచ్‌లో జర్మనీ చేతిలో మన జట్టు 4-1తో ఓడిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఆయన రాసుకున్నారు. అర్జెంటుగా ఇండియాకి కబురు పెట్టి దారా అనే ఆటగాణ్ణి రప్పించుకున్నారు.

ఫైనల్లో మళ్లీ అదే జర్మనీ. ఆగస్టు 14న జరగాల్సిన ఆట వానవల్ల మర్నాటికి వాయిదా పడింది. అంటే 1936 ఆగస్టు 15. అప్పటికి ఆ తారీకుకి ఏ అర్థమూ లేదు, ఇంకా పదకొండేళ్లు ఆగాలి. ఆ రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్ల ముఖాలు పాలిపోయి ఉన్నాయి. అప్పుడు జట్టు అసిస్టెంట్ మేనేజర్ పంకజ్ గుప్తా సంచిలోంచి ఒక జెండా తీశారు. కాంగ్రెస్ మువ్వన్నెల జెండా, మధ్యలో రాట్నం. బయట స్టేడియంలో ఇండియా పేరున ఎగిరేది బ్రిటిష్ వాళ్ల జెండా. లోపల గదిలో అందరూ ఈ జెండాకి వందనం చేసి మైదానంలోకి నడిచారు. వాళ్లలో చాలామంది సైన్యంలోనో రైల్వేలోనో బ్రిటిష్ సర్కారు జీతం తీసుకునేవాళ్లే.

ఆ జెండాకి మూలం ఎవరో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీ గారికి ఇచ్చిన నమూనా నుంచే అది పెరిగి వచ్చింది. బెజవాడలో మొదలైన ఆ గుడ్డ పదిహేనేళ్లకి బెర్లిన్ హాకీ స్టేడియం గదిలోకి చేరింది. ఇది చదివిన రాత్రి మా నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సగం ఆట అయ్యేసరికి ఇండియా ఆధిక్యం ఒక్క గోలే. తడి నేల మీద బూట్లు జారుతున్నాయని రెండో సగంలో ధ్యాన్‌చంద్ మేకుల బూట్లు విప్పేసి ఆడారని చెబుతారు. చివరికి 8-1. ఆ టోర్నమెంటు మొత్తంలో ఇండియా ఇచ్చిన గోల్ అదొక్కటే.

సాయంకాలం

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. రెండు ఒలింపిక్స్ జరగలేదు. ఆటగాడి మంచి వయసు యుద్ధంలో కరిగిపోయింది. ఈలోపు ఆయన సైన్యంలో ఆఫీసర్ అయ్యారు. దేశం రెండైంది. బెర్లిన్‌లో పక్కన ఆడిన దారా 1948 ఒలింపిక్స్‌లో పాకిస్తాన్ కెప్టెన్.

1947 చివర్లో తూర్పు ఆఫ్రికాలోని మనవాళ్ల క్రీడా సంఘం ఇండియా జట్టుని పిలిచింది. షరతు ఒక్కటే, ధ్యాన్‌చంద్ రావాలి. అప్పటికి ఆయనకి నలభై రెండేళ్లు. వెళ్లారు, 22 మ్యాచ్‌ల్లో 61 గోల్స్ కొట్టారు. అక్కడి భారతీయులు ఆ షరతు ఎందుకు పెట్టారో బయట దేశంలో ఉండే మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మన సినిమా హీరోనో గాయకుణ్ణో పిలిపించి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి చూపించాలని మనం తాపత్రయపడతాం కదా, అదే.

1956లో మేజర్ హోదాలో రిటైరయ్యారు. ఆ ఏడాదే పద్మభూషణ్ ఇచ్చారు. కొన్నాళ్లు పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచ్‌గా పనిచేసి, ఝాన్సీ చేరుకున్నారు. చివరి రోజుల్లో చేతిలో డబ్బు ఆడలేదు. కొడుకులు హాకీ ఆడతామంటే ఆయన ప్రోత్సహించలేదని, ఆటలో అన్నం దొరకదన్న భయమే కారణమని కొడుకు అశోక్ కుమార్ తర్వాతి కాలంలో చెప్పారు. హాకీ మాంత్రికుడని ప్రపంచమంతా పిలిచిన మనిషి సొంత పిల్లల దగ్గరికొచ్చేసరికి మనలాంటి తండ్రే అయ్యారు. పాప హాకీ అన్నరోజు నేను ముఖం చిట్లించింది గుర్తొచ్చి, ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

అయినా అశోక్ కుమార్ ఆడారు. 1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద గెలుపు గోల్ ఆయనదే. ఇండియా గెలిచిన ఏకైక హాకీ ప్రపంచ కప్ అది.

1976: యాభై ఏళ్ల తర్వాత

మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్. మొట్టమొదటిసారి హాకీని పచ్చిక మీద కాకుండా కృత్రిమ టర్ఫ్ మీద ఆడించారు. 1928 నుంచి ఆడిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఏదో ఒక పతకం తెచ్చిన ఇండియా ఏడో స్థానంలో మిగిలింది. ఆ జట్టులో అశోక్ కుమార్ ఉన్నారు. టర్ఫ్ వేయాలంటే ఖర్చు కోట్లలో ఉంటుంది. మట్టిలో, పచ్చికలో కర్ర తిప్పడం నేర్చుకున్న మన ఊళ్ల పిల్లలకి అది చాలాకాలం అందని నేలే అయింది.

ఆ ఏడాది బంగారు పతకం ఎవరిదో తెలుసా? న్యూజిలాండ్‌ది. ఫైనల్లో ఆస్ట్రేలియాని 1-0తో ఓడించారు. గోల్ కొట్టింది కెప్టెన్ టోనీ ఇనెసన్. చివర్లో మోకాలికి దెబ్బ తగిలినా గోల్‌కీపర్ ట్రెవర్ మానింగ్ కదలకుండా నిలబడ్డారు. ఇక్కడి పాతతరం వాళ్లని అడగండి, కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఆ జట్టులో ఇద్దరు భారతీయ సంతతి వాళ్లున్నారు, మోహన్ పటేల్, రమేశ్ పటేల్. రమేశ్ పటేల్ తర్వాత ఈ దేశపు హాకీ సంస్థకే ముఖ్య కార్యనిర్వాహకుడిగా పనిచేశారు.

లెక్క చూడండి. 1926లో ధ్యాన్‌చంద్ ఇక్కడ ఆడారు. 1926లోనే ఇక్కడి భారతీయులు తమని వెళ్లగొట్టొద్దని సంఘం పెట్టుకున్నారు. సరిగ్గా యాభై ఏళ్లకి, ఆ భారతీయ సమాజపు బిడ్డలు ఇద్దరు ఈ దేశపు నల్ల జెర్సీ వేసుకుని ఒలింపిక్ బంగారం తెచ్చారు. ధ్యాన్‌చంద్ అప్పటికి బతికే ఉన్నారు. ఒక పక్క తన కొడుకు జట్టు ఓటమి, ఇంకో పక్క తాను కుర్రాడిగా ఆడి వెళ్లిన చిన్న దేశం గెలుపు. రెండూ ఒకే వారంలో వినాల్సి వచ్చింది.

1979 డిసెంబర్ 3న ఢిల్లీలో, కాలేయ క్యాన్సర్‌తో, ఆసుపత్రి సాధారణ వార్డులో ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలు ఝాన్సీలో, ఆయన ఆడిన మైదానంలోనే జరిగాయి. గౌరవాలు తర్వాత వరస కట్టాయి. ఇండియా గేట్ దగ్గర 1933లో ఇర్విన్ యాంఫీథియేటర్‌గా మొదలై, 1951లో తొలి ఆసియా క్రీడలు చూసిన నేషనల్ స్టేడియానికి 2002లో ఆయన పేరు పెట్టారు. ఆయన పుట్టినరోజు జాతీయ క్రీడా దినోత్సవం అయింది. 2021లో ఖేల్‌రత్న అవార్డుకీ ఆయన పేరే వచ్చింది. ఇవన్నీ మంచివే. బతికుండగా వార్డులో ఒక మంచి గది దొరికి ఉంటే ఇంకా బాగుండేది.

మళ్లీ శనివారం

మన తెలుగు నేలకీ హాకీకీ దూరం లేదు. హైదరాబాదీ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడారు. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఎతిమరపు రజని భారత మహిళల జట్టుకి గోల్‌కీపర్‌గా నిలబడ్డారు. కానీ మన ఇళ్లలో ఆ పేర్లు వినబడవు. క్రికెట్ స్కోరు మాత్రం అర్ధరాత్రి లేచైనా చూస్తాం. క్రికెట్ మీద నాకు కోపం లేదు, నేనూ చూస్తాను. మన పిల్లలు ఇక్కడ ఆడుతున్న ఆటకి మన వైపు నుంచి కూడా ఒక చరిత్ర ఉందని వాళ్లకి చెప్పకపోవడమే తప్పు.

పోయిన నెలలో ఆ పెద్దాయన మళ్లీ కనిపించారు. ఈసారి నేను మాట మార్చలేదు. 1926 సంగతి, 1935 లెక్కలు, బెర్లిన్ జెండా, అన్నీ చెప్పాను. ఆయన తన తండ్రి చెప్పినవి చెప్పారు. మా మాటల మధ్యలో పాప ఒక గోల్ కొట్టిందట, మేమిద్దరం చూడలేదు. ఇంటికొచ్చేదాకా అలిగి కూర్చుంది.

ఆ పర్యటనకి ఇప్పటికి వందేళ్లు. మన తెలుగు సంఘాలు ఏడాదికి నాలుగైదు కార్యక్రమాలు చేస్తూనే ఉన్నాయి. ఆగస్టు 29 ఎలాగూ ఇక్కడ హాకీ సీజన్ చివరి రోజుల్లోనే వస్తుంది. ఒక టర్ఫ్ రెండు గంటలు అద్దెకి తీసుకుని, పిల్లల చేతికి కర్రలిచ్చి, వాళ్లకి ఈ కథ చెప్పి, తర్వాత పులిహోర పెట్టి పంపితే ఎలా ఉంటుంది? ఆడడం రాని పెద్దవాళ్లం కంచె పక్కన నిలబడి చూద్దాం. మా పాప గోల్ కొడితే మాత్రం ఈసారి నేను చూసి తీరాలి.